బిల్లు రాని సముద్రం

గృహస్థాశ్రమం స్వీకరించిన ప్రతివాడికీ కొన్ని హక్కులుంటాయి. ధర విని ఉలిక్కిపడే హక్కు, బేరమాడే హక్కు, బిల్లు రాగానే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని ఒక్కో వరసా చదివే హక్కు, చివరికి జేబులో చెయ్యి పెడుతూ “కాలం మారిపోయింది” అని నిట్టూర్చే హక్కు. ఇవి రాజ్యాంగంలో లేకపోవచ్చు. కానీ వీటిని తీసేస్తే సంసారి దగ్గర మిగిలేది పొట్టా, కళ్ళజోడూ మాత్రమే. కరీబియన్ సముద్రంలో జమైకా అనే ద్వీపం ఉంది. దాని ఉత్తర తీరాన మాంటెగో బే అనే ఊరుంది. ఆ ఊరికి కాస్త తూర్పుగా ఒక రిసార్టు ఉంది. అక్కడ ఒక్క వారాంతంలో ఈ హక్కులన్నీ నా దగ్గర్నుంచి లాగేసుకున్నారు. అదీ చిరునవ్వుతో, చల్లటి తువ్వాలు చేతికిచ్చి మరీ. ఏ కోర్టులో దావా వెయ్యాలో తెలియక పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు ఫిర్యాదుదారు వివరాలు. పుట్టింది అనకాపల్లిలో, బెల్లం దిమ్మల మధ్య. ఉంటున్నది అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫరెట్టాలో, పెద్ద పచ్చిక, చిన్న తులసికోట ఉన్న ఇంట్లో. వయసు యాభై దాటింది. రసీదులు దాచుకోవడం తప్ప దురలవాట్లు లేవు. పిల్లలు కాలేజీ హాస్టళ్ళకు వెళ్ళిపోయాక ఒకరోజు మా ఆవిడ కాఫీ ఇస్తూ, “ఏవండీ, మనిద్దరమే ఎక్కడికైనా వెళ్దామా?” అంది.

“ఇక్కడా ఇద్దరమే ఉన్నాం కదా. పైగా ఉచితంగా” అన్నాను.

ఆ జవాబు ఆవిడకు నచ్చలేదని సాయంత్రానికి టికెట్లు వచ్చాక తెలిసింది.

సముద్రమే కావాలంటే మనకు లేదా అని చివరి ప్రయత్నంగా అడిగి చూశాను. అనకాపల్లి వాడికి సముద్రం కొత్తా? పూడిమడక ఉంది, భీమిలి ఉంది. విశాఖ ఆర్కే బీచిలో సాయంత్రం మురీ మిక్చరు పొట్లం కొనుక్కుని గట్టు మీద కూర్చుంటే, బంగాళాఖాతం మొత్తానికీ అయ్యే ఖర్చు ఆ పొట్లం డబ్బులే. “విశాఖ వెళ్ళిరావాలంటే సెలవంతా విమానాల్లోనే అయిపోతుంది. ఇది మూడు గంటల ప్రయాణం” అంది. అవతలివాళ్ళ మాటలో న్యాయం ఉన్నప్పుడు గృహస్థు చెయ్యగలిగింది ఒకటే. సామానుకు వేరే డబ్బులా అని అడిగాను. వేరేనట. ఆ ఒక్క విషయంలో కొంచెం మనశ్శాంతి దొరికింది.

తర్వాత ఆవకాయ సంగతి. వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవం గానీ ముద్ద గానీ చేతిసంచిలో రాకూడదని అమెరికా విమానాశ్రయాల్లో నియమం. ఆవకాయ ద్రవమా, ఘనమా అన్నది మన పెద్దలే తేల్చకుండా వదిలేసిన ప్రశ్న. తనిఖీ దగ్గర కూర్చున్న అమ్మాయి అర నిమిషంలో తేల్చేసి సీసాను తొట్టిలో వేసింది. దాని వెనక మా ఆవిడ చూసిన చూపు వర్ణించను.

“అన్నీ కలిపి ఒకే ధర.” ఈ వ్యవహారంలో అసలు కిటుకు ఇదే. గది, తిండి, తాగుడు, పడవ, సంగీతం, అన్నీ ముందే కట్టేసిన సొమ్ములో ఉంటాయి. దీనికో చరిత్ర ఉంది. 1950లో బెల్జియం దేశపు వాటర్ పోలో ఆటగాడు జెరార్డ్ బ్లిట్జ్ స్పెయిన్ వాళ్ళ మయోర్కా ద్వీపంలో గుడారాలు వేసి, ఒకసారి డబ్బు కట్టేస్తే మళ్ళీ జేబు తడుముకోనక్కర్లేని విడిది ఒకటి మొదలుపెట్టాడు. అదే క్లబ్ మెడ్. జమైకా వాళ్ళు ఈ పద్ధతిని గుడారాల్లోంచి ఏసీ గదుల్లోకి తెచ్చారు. 1978లో ఓచో రియోస్ దగ్గర జంటలకు మాత్రమే అనే హోటలు వెలిసింది. 1981లో బుచ్ స్టీవర్ట్ అనే ఏసీల వ్యాపారి మాంటెగో బేలో పాతబడ్డ హోటలు ఒకటి కొని శాండల్స్ పేరుతో తెరిచాడు. అక్కణ్ణుంచి ఈ పద్ధతి చుట్టుపక్కల ద్వీపాలకు పాకింది. ఏసీలు అమ్మినవాడికి మనిషి ఎక్కడ చల్లబడతాడో తెలియదా మరి! మేం దిగింది ఇవేవీ కాదు, వేరే చోటు. దాని పేరు చెప్పను. పరువు వాళ్ళకూ ఉంది, నాకూ ఉంది.

డబ్బు ముందే కట్టిన మనిషికి ఆకలి కడుపులోంచి పుట్టదు, లెక్కలోంచి పుడుతుంది. మొత్తం సొమ్మును పూటలతో భాగించి, ఒక్కో పూట ఏ మేరకు తింటే గిట్టుబాటవుతుందో విమానంలోనే కాగితం రుమాలు మీద వేసుకున్నాను. వచ్చిన అంకె చూస్తే మా ఇద్దరి వల్లా అయ్యే పని కాదు. మా అత్తవారి వైపు నుంచి కనీసం నలుగురు బావమరుదులు కావాలి.

రిసార్టులో అడుగు పెట్టగానే చేతికి ఊదారంగు ప్లాస్టిక్ పట్టీ బిగించారు. పెళ్ళినాడు కంకణం కట్టిన తర్వాత నా చేతికి ఎవరూ ఏదీ కట్టింది లేదు. ఇది కత్తిరిస్తే తప్ప ఊడదు. స్నానంలో అదే, నిద్రలో అదే. పర్సు గదిలోని ఇనప్పెట్టెలో పెట్టెయ్యమన్నారు. “ఇక్కడ మీకు దానితో పని లేదు సార్” అన్నాడు ఆ కుర్రాడు, అదేదో శుభవార్త అయినట్టు. ముప్పై ఏళ్ళుగా కుడివైపు వెనక జేబులో బరువుకు అలవాటుపడ్డ నడుము అది. పర్సు తీసేశాక నా నడకే మారిపోయింది, కాస్త ఎడమకు ఒరిగి నడిచాను. సామాను మోసిన మనిషికి ఏదైనా చేతిలో పెడదామని చూస్తే, ఇక్కడ టిప్పులు తీసుకోం అన్నాడు. ఎంత ఇవ్వాలా అని మథనపడి, ఇవ్వాల్సిన దానికంటే కాస్త తక్కువ ఇచ్చి, రాత్రంతా దాని గురించి బాధపడే అవకాశం కూడా పోయింది.

జమైకాలో వేసవికి గడియారం ముందుకు తిప్పే అలవాటు లేదు. కాబట్టి మే నెలలో అట్లాంటాకూ అక్కడికీ గంట తేడా. నా ఒంట్లో గడియారం మాత్రం ఆల్ఫరెట్టాలోనే ఉండిపోయింది. రోజూ ఐదింటికి లేచేవాణ్ణి అక్కడ నాలుగింటికే లేచి కూర్చున్నాను. తెల్లవారాక ఒడ్డుకు పోతే కుర్చీలన్నీ ఖాళీ. అన్నిటి మీదా తువ్వాళ్ళు. మనిషి లేడు, హక్కు మాత్రం పరిచి ఉంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫు విసిరి సీటు ఆపిన జాతి మనది. ఈ విద్యకు మనమే ఆద్యులమని ఇన్నాళ్ళూ గర్వపడుతూ వచ్చాను. కానీ మన కర్చీఫుకు ఒక నీతి ఉంది. వేసినవాడు బస్సు కదిలేలోపు ఎక్కి తీరాలి. ఎక్కకపోతే ఎవరో ముసలమ్మ దాన్ని రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టి కూర్చుంటుంది, కండక్టరుతో సహా లోకమంతా ఆవిడ పక్షానే ఉంటుంది. ఈ తువ్వాలుకు ఆ కట్టుబాటు లేదు. రాత్రి పడుకోబోయే ముందు పరుస్తారు, మర్నాడు పది దాటాక టిఫిను ముగించుకుని తీరిగ్గా వస్తారు. ఈలోపు ఆ కుర్చీలో సూర్యుడు ఒక్కడే పడుకుంటాడు. ఒక తువ్వాలు కొస గాలికి కొంచెం జారింది. నేను జరపలేదు. గాలే జరిపింది, ఆ తర్వాత కూడా గాలే జరిపింది.

అలా దొరికిన కుర్చీలో పడుకుని నేను చేసిన మొదటి పని ఫోనులో మా ఇంటి గుమ్మం చూసుకోవడం. డోర్‌బెల్ కెమెరా పుణ్యమా అని ఆ సౌకర్యం ఉంది. ఎదుట కరీబియన్ సముద్రం, అరచేతిలో ఆల్ఫరెట్టా గుమ్మం. సముద్రంలో విశేషాలేమీ జరగడం లేదు, వచ్చిన అలే వస్తోంది. గుమ్మం దగ్గర మాత్రం రసవత్తరంగా ఉంది. ఒక పార్సిలు వచ్చింది. ఒక ఉడత దాన్ని పరీక్షించింది. కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తానని మాటిచ్చిన పక్కింటి కుర్రాడు రాలేదు. ఎవరిదో కుక్క మా పచ్చిక మీదకు వచ్చి, ఇంటివాడు ఊళ్ళో లేడని తెలిసినట్టే ప్రవర్తించింది. “అరె, అరె” అని నేను కుర్చీలో లేచి కూర్చుంటే పక్క కుర్చీ దొరసాని నీళ్ళలో సొరచేప కనబడిందనుకుని గాభరాపడింది. మా ఆవిడ ఫోను తీసుకుని తన సంచిలో పెట్టుకుంది. అక్కడితో నాకు లోకంతో సంబంధాలు తెగిపోయాయి.

తిండి దగ్గరికి వస్తే, జరిగిన అన్యాయం శనివారం రోజున జరిగింది. మా ఆవిడకు శనివారం ఒంటిపూట. ఏడుకొండలవాడికి. నీచు ముట్టదు. వారాంతం అంటేనే శనివారం. ప్రపంచంలో ఎంత కావాలంటే అంత తినమనే చోటుకు, ఒక్క పూటే తినే రోజున, ఇద్దరి పేరా పూర్తి సొమ్ము కట్టి వచ్చాం. “స్వామికి చెప్పుకుని ఈ ఒక్క వారానికి ఆదివారం మార్చుకో” అన్నాను. “ఆయన దగ్గర కూడా బేరాలేనా?” అంది. ఆయన దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఆడతాం? అప్పులో ఉన్నవాడికే బేరం విలువ తెలుస్తుంది.

ఆ పూట ఆవిడ పళ్ళెం పట్టుకుని బఫేలో తిరుగుతుంటే పసుపు పచ్చగా, కోడిగుడ్డు పొరటులా ఒక వంటకం కనబడింది. ఇదేమిటని అడిగితే, పండు అన్నారు. నిజంగా పండే. దాని పేరు ఆకీ, జమైకా జాతీయ ఫలం. పశ్చిమ ఆఫ్రికా నుంచి పద్ధెనిమిదో శతాబ్దంలో వచ్చింది. చెట్టు మీద తనంతట తాను పగిలి నోరు తెరిచేదాకా కొయ్యకూడదు, ముందే కోసి తింటే విషం. ఇంత చరిత్ర చెప్పిన మనిషి, ఆ పండును ఉప్పుచేపతో కలిపి వండుతారన్న చిన్న విషయం మాత్రం చివర చెప్పాడు. అప్పటికే గరిటె పళ్ళెం మీదికి వచ్చింది. ఉత్తరాంధ్రలో పుట్టినవాణ్ణి, ఎండుచేప వాసన నాకెవరూ చెప్పక్కర్లేదు. దూకి గరిటె పట్టుకున్నాను. వంటవాడు బెదిరిపోయాడు. ఆ ఉప్పుచేప ఒకప్పుడు కెనడా చలి సముద్రాల నుంచి, తోటల్లో బానిసలకు చవగ్గా తిండి పెట్టడానికి దిగుమతి చేసిన సరుకు. ఇప్పుడది ఆకీతో కలిసి దేశానికే జాతీయ వంటకమై కూర్చుంది.

చివరికి ఆవిడ తిన్నది కాలలూ. అంటే తోటకూర. ఏ మార్పూ లేదు, అచ్చంగా మన తోటకూరే, ఉల్లిపాయ వేసి మగ్గబెట్టారు. దాని పక్కన కాల్చిన సీమపనస ముక్కలు. కోనసీమ పెరళ్ళలో కాసే ఈ కాయను 1793లో కెప్టెన్ విలియం బ్లై తాహితీ నుంచి ఓడలో జమైకాకు తెచ్చాడు, అది కూడా బానిసలకు చవక తిండి కోసమే. అంతకు ముందోసారి తేబోతే 1789లో బౌంటీ ఓడలో నావికులు తిరగబడి ఆయన్ని పడవలో వదిలేసి, మొక్కల్ని సముద్రంలో పారేశారు. మనిషి మళ్ళీ వెళ్ళి తెచ్చాడు. అంత కష్టపడి తెస్తే తోటల్లోని వాళ్ళు మొదట్లో దాన్ని ముట్టుకోలేదట. నాకు తెలిసిన ఆడవాళ్ళలో చాలామంది కూడా, మొగుడు బజారు నుంచి మోసుకొచ్చిన కూరగాయను ఇలాగే పలకరిస్తారు. మొత్తానికి లెక్క తేలింది. మూడు గంటలు ఎగిరి, మూడు పూటలకు డబ్బు కట్టి, మా పెరట్లో ఊరికే మొలిచే తోటకూర ఒక పూట తిన్నాం.

మందు విషయంలో నష్టం ఇంకా పెద్దది. నేను తాగను. అక్కడ మాత్రం పొద్దున పదింటి నుంచే పోస్తారు. జమైకా వాళ్ళ తెల్ల రమ్ము ఒకటుంది, అందులో మద్యం 63 శాతం. మా పక్క గదిలో టెక్సాస్ నుంచి వచ్చిన దంపతులు దిగారు. వాళ్ళు తాగుతున్నది వాళ్ళ వాటా ఒక్కటే కాదు. అందరి దగ్గరా ఒకే ధర తీసుకున్నాక, తాగనివాడి సొమ్మంతా తాగేవాడి గ్లాసులోకే కదా పోతుంది? ఆయన చెయ్యెత్తి “చీర్స్” అన్న ప్రతిసారీ నాకు నా డబ్బు ఐసు ముక్కల మధ్య తేలుతూ కనబడింది. పగ తీర్చుకోవడానికి కొబ్బరి బోండాల మీద పడ్డాను. ఒకదాని మీద ఒకటి లాగించాను. కడుపు డోలైందే తప్ప లెక్క సరిపోలేదు. కొబ్బరి నీళ్ళు రమ్ముతో పోటీ పడలేవు.

గదికి వస్తే మంచం మీద రెండు హంసలు. తువ్వాళ్ళతో చేసినవి. మెడలు వంచి ముక్కులు ఆనించుకుని, మధ్యలో గులాబీ రేకులు. స్నానం చేసి తడి ఒంటితో బయటికి వచ్చిన మనిషికి కావలసింది ఒక తువ్వాలు. ఉన్న రెండు తువ్వాళ్ళూ ప్రేమలో ఉన్నాయి. ఒక హంస మెడ పట్టుకోబోతే, “ఫొటో తీసేదాకా ముట్టుకోకండి” అని కేక వినిపించింది. ఫొటో వెలుతురు చాలక కిటికీ తెర జరిపి, హంసల్ని తిప్పి, రేకుల్ని సర్ది, మళ్ళీ తీసింది. నేను తలుపు పక్కన నీళ్ళు కారుస్తూ నిలబడ్డాను. రేకులు తీసి పారేద్దామంటే అప్పటికే చీమలు పట్టాయి.

జంటల చోటు కాబట్టి అన్నీ జంటగానే. రెండు గ్లాసులు, రెండు గొట్టాలు, ఇద్దరు పట్టే ఊయల. ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా కనబడితే సిబ్బంది దగ్గరికి వచ్చి, “అంతా బాగానే ఉందా?” అని జాలిగా అడుగుతారు. నేను పేపరు చదువుకుందామని పక్కకు వెళ్ళిన ప్రతిసారీ మా కాపురం గురించి ఎవరో ఒకరు ఆందోళన పడ్డారు. ఈ మధ్యలో శనివారం రాత్రి ఎనిమిది మంది చప్పట్లు కొడుతూ, పాడుతూ, కేకు పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చారు. పెళ్ళిరోజు శుభాకాంక్షలట. మా పెళ్ళి మాఘమాసంలో. ఇది మే నెల. నేను నోరు తెరవబోతే బల్ల కింద నా కాలు నలిగింది. గది తీసుకునేటప్పుడు పెళ్ళిరోజు అని రాస్తే కేకు ఉచితం అని ఆవిడ స్నేహితురాలు చెప్పిందట. సరే, ఉచితం అన్నాక ధర్మసందేహాలు అనవసరం. అయితే కేకులో కోడిగుడ్డు ఉంది, ఆవిడ తినకూడదు. మొత్తం నేనే తినాల్సి వచ్చింది. అప్పటికి కడుపు నిండా కొబ్బరి నీళ్ళున్నాయి.

ఇక ఇసుక. ఒడ్డంతా పిండి ఆరబోసినంత తెల్లటి ఇసుక. ఫొటోల్లో అందరూ మురిసిపోయేది దీన్ని చూసే. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందని పడవవాణ్ణి అడిగాను. చిలక చేప అని ఒకటుంటుంది, ముక్కు చిలక ముక్కులా ఉంటుంది. అది పగడపు దిబ్బల మీది నాచును కొరుకుతుంది, నాచుతో పాటు పగడపు రాయి కూడా లోపలికి పోతుంది, అరగని రాయి పిండై వెనకనుంచి బయటికి వస్తుంది. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల పౌన్ల ఇసుక చేస్తుంది. అంటే ఈ తెల్లటి ఒడ్డులో చాలా భాగం చేపల విసర్జన. మా ఆవిడ ఆ సమయంలో ఆ ఇసుకే మెడ దాకా కప్పుకుని పడుకుని ఉంది. చర్మానికి మంచిదట. చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చెప్పాను. ఆవిడ కళ్ళు కూడా తెరవలేదు. “మీ ఆవకాయ సీసా కాపాడలేకపోయారు గానీ, చేపల కడుపులు మాత్రం లెక్కపెడతారు” అంది.

ఆ ఒడ్డుకు అటూ ఇటూ కంచె. నీళ్ళలో తాడు, తాడుకు తేలే బుడ్లు. తాడు అవతల నడుం లోతు నీళ్ళలో ఒక మనిషి నిలబడి, చెక్కబొమ్మలు రెండు చేతులా ఎత్తి పట్టుకుని పిలుస్తున్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. బేరం! ఆ చోట నాకు వినిపించిన మొదటి ధర అది. చిలక బొమ్మకు ఇరవై డాలర్లు అన్నాడు. ఐదు అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని వెనక్కి రెండు అడుగులు వేశాడు, నేను అటు తిరిగి వెళ్ళిపోయినట్టు నటించాను. ఇద్దరం చేయి తిరిగిన వాళ్ళమే. పన్నెండు దాకా దిగాడు. ఇంతలో కాపలాదారు ఈల ఊదుతూ వచ్చి అతన్ని దూరం జరగమన్నాడు. సముద్రంలో నిలబడ్డవాణ్ణి ఎక్కడికి జరగమంటారు? అడిగితే తెలిసింది. 1956లో, స్వాతంత్ర్యానికి ఆరేళ్ళ ముందు, బ్రిటిషు వాళ్ళ హయాంలో చేసిన బీచ్ కంట్రోల్ చట్టం ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. దాని ప్రకారం తీరం ప్రభుత్వానిది, వాడుకోవాలంటే అనుమతి పత్రం కావాలి. సముద్రంలో మునిగే సాధారణ హక్కు అక్కడి జనానికి పుట్టుకతో లేదు. దీని మీద ఊరేగింపులు, కోర్టు కేసులు సాగుతూనే ఉన్నాయి. చేతికి ఊదారంగు పట్టీ ఉన్న అనకాపల్లి వాడు పడుకోవచ్చు, ఆ ఒడ్డున పుట్టినవాడు తాడు అవతల నిలబడాలి. నేను చెయ్యగలిగిందల్లా పట్టీ ఉన్న చేతిని వెనక్కి పెట్టుకోవడం. చిలక బొమ్మ బేరం పన్నెండు దగ్గరే ఆగిపోయింది. ఇంకో అర గంట ఇస్తే ఎనిమిదికి తెచ్చేవాణ్ణి, లేదా అతనే పదిహేనుకు తీసుకెళ్ళేవాడు.

ఆదివారం పొద్దున ఊళ్ళోకి వెళ్తామంటే రిసార్టులో వింతగా చూశారు. ఇక్కడ అన్నీ ఉన్నాయి కదా సార్ అన్నారు. లేనిది ఏమిటో చెప్తే వాళ్ళకు అర్థం కాదు. బయట ఒక కారు మాట్లాడుకున్నాం, ధర ముందే తెగ్గొట్టి మరీ. దారిలో డాక్టర్స్ కేవ్ అనే బీచి దగ్గర ఆగాం. 1906లో మెకాటీ అనే వైద్యుడు తన ఒడ్డును స్నానాల క్లబ్బుకు దానంగా ఇచ్చాడు. ఆ నీళ్ళలో మునిగితే జబ్బులు పోతాయని 1920ల్లో సర్ హెర్బర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు ఎముకల వైద్యుడు ప్రచారం చేశాక పేరు పాకింది. పేరులోని గుహ 1932 తుపానులో కూలిపోయింది. ప్రవేశ రుసుము మాత్రం చెక్కుచెదరలేదు. కిటికీలోంచి ఒకామె డబ్బు తీసుకుని రసీదు ఇచ్చింది. రసీదు! దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాను. ఆ నీళ్ళలో నిజంగానే ఏదో మహిమ ఉంది, లోపలికి దిగకముందే నాకు కొంచెం నయమైంది.

ఊరి నడిబొడ్డున ఉన్న కూడలి పేరు సామ్ షార్ప్ స్క్వేర్. బాప్టిస్టు చర్చిలో పెద్దగా ఉన్న బానిస ఆయన. 1831 క్రిస్మస్ సెలవులు అయ్యాక కూలి ఇస్తే తప్ప పని చెయ్యం అని తోటల్లోని జనాన్ని కూడగట్టాడు. అనుకున్నది సమ్మె. డిసెంబరు 27 రాత్రి కెన్సింగ్టన్ తోట మీద మంటలు లేచాయి, ద్వీపం పడమటి భాగమంతా అంటుకుంది. వందల మందిని ఉరి తీశారు. 1832 మే 23న షార్ప్‌నూ ఈ ఊళ్ళోనే ఉరి తీశారు. మరుసటి ఏడే లండన్‌లో బానిసత్వం రద్దు చట్టం వచ్చింది. జీతం లేకుండా పని చెయ్యం అన్నవాళ్ళను చంపిన ఊళ్ళో, ఏ పనీ చెయ్యకుండా కూర్చోవడానికి నేను జీతంలోంచి తీసి కట్టాను. ఇది ఎవరి మీద వెయ్యాల్సిన ఫిర్యాదో నాకు అంతుబట్టలేదు. కాసేపు అక్కడి విగ్రహాల ముందు నిలబడ్డాం. మా ఆవిడ కూడా ఫోను బయటికి తియ్యలేదు.

మా డ్రైవరు ముఖం చూస్తే మనవాడే అనిపించింది. అడిగితే, అవునన్నాడు. బానిసత్వం పోయాక చెరకు తోటలకు మనుషులు కరువై, 1845 మే 10న మొదటి ఓడ మన దేశపు కూలీలతో ఓల్డ్ హార్బర్ బేకు చేరింది. 1917లో ఆ పద్ధతి ఆగేలోపు 36,000 మందికి పైగా వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, తొలి రోజుల్లో కొందరు మద్రాసు నుంచి. వాళ్ళతో పాటే మసాలా కూరా, రొట్టే వచ్చాయి. ఇప్పుడు మేక కూర లేని జమైకా విందు లేదు. “మాది మద్రాసు ఓడ అని మా నాయనమ్మ చెప్పేది, ఊరి పేరు ఎవరికీ గుర్తు లేదు” అన్నాడు. “మన వైపేమో అడగండి” అని మా ఆవిడ గొణిగింది. ఏమని అడగను? మా వాళ్ళు శారదా నది ఒడ్డున చెరకు ఆడి బెల్లం వండుకుంటున్న రోజుల్లో, వీళ్ళ ముత్తాతను అదే చెరకు నరకడానికి సముద్రం దాటించారు. ఇంతకీ మీరిక్కడికి ఏ పని మీద వచ్చారు అని అతనే అడిగాడు. ఊరికే కూర్చోవడానికి అన్నాను. స్టీరింగు మీద చెయ్యి చరిచి నవ్వాడు. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు.

గది ఖాళీ చేసేటప్పుడు నాకు రావలసింది వచ్చింది. కౌంటరులో అమ్మాయి కాస్త ఇబ్బందిగా నవ్వుతూ ఒక కాగితం జరిపింది. బిల్లు! మా ఆవిడ నాకు చెప్పకుండా ఒంటికి నూనె మర్దన చేయించుకుంది, అది “అన్నీ కలిపి”లో లేదట. ఫొటోలు తియ్యడం ఉచితమట, ఇవ్వడానికే డబ్బట. మా ఆవిడ నేల చూపులు చూసింది, నేను అరుస్తానని. నేనా? కళ్ళజోడు తీశాను. తుడిచాను. పెట్టుకున్నాను. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాను. మూడో వరసలో మా గది నంబరు మీద రెండు సీసాల షాంపేను వేశారు. అది పక్క గది టెక్సాస్ వాళ్ళది. వారాంతమంతా నా వాటా తాగింది చాలక, వీడ్కోలుకు కూడా నా మీదే! మేనేజరును పిలిపించాను. గొంతు పెంచాను, తగ్గించాను, మళ్ళీ పెంచాను. ఆయన క్షమాపణ చెప్పి ఆ వరస కొట్టేశాడు. పన్నుల లెక్క సరిచేయించి, కొత్త కాగితం అచ్చు తీయించి, సంతకం పెట్టాను. “ఇంత హుషారుగా మిమ్మల్ని ఈ రెండు రోజుల్లో చూడలేదు” అంది మా ఆవిడ. నా చేతి పట్టీని కత్తిరించారు.

విమానాశ్రయానికి అదే డ్రైవరు. దారి పక్కన చింకి గొడుగు కింద ఒకామె మామిడి పళ్ళు పరుచుకుని కూర్చుంది. అక్కడ ఇలా ఊరూరా తిరిగి, దారి పక్కన కూర్చుని అమ్మే ఆడవాళ్ళను హిగ్లర్లు అంటారు, బానిస కాలం నుంచి సంతలు నడిపింది వాళ్ళే. మామిడి ఈ ద్వీపానికి వచ్చింది 1782లో. మారిషస్ నుంచి పోతున్న ఫ్రెంచి ఓడను రోడ్నీ దొర నౌకాదళం వాళ్ళు పట్టుకుంటే అందులో నంబర్లు వేసిన మొక్కలున్నాయి. ఒక రకానికి ఇవాళ్టికీ పదకొండో నంబరు అనే పేరు. బంగినపల్లి, సువర్ణరేఖ, చిన్నరసం అని పిల్లలకు పెట్టుకున్నట్టు పేర్లు పెట్టుకునే దేశం నుంచి వచ్చినవాణ్ణి, పండును ఖైదీలా నంబరుతో పిలవడం చూసి బాధపడ్డాను. వాసన చూశాను. బాధ తగ్గింది.

ధర అడిగాను. చెప్పింది. సగం అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నా చేతి మీద పట్టీ గుర్తు ఇంకా తెల్లగా కనబడుతుంటే దాన్ని వేలితో చూపించి, మొదట చెప్పినదానికి మరి కొంచెం కలిపింది. డ్రైవరు కారులోంచి పగలబడి నవ్వాడు. ఐదు నిమిషాలు ఇద్దరం ఎండలో నిలబడి ఒకరి సంసారం గురించి ఒకరం చెప్పుకున్నాం, నాకు కాలేజీల ఫీజులు, ఆమెకు మనవరాలి స్కూలు బట్టలు. చివరికి ఆమె మొదట చెప్పిన ధరకే ఇచ్చి, ఒక పండు మీద వేసింది. కొసరు!

మా ఆవిడ కారు బానెట్టు మీద కాగితం పరిచి అప్పటికే మొదటిది కొరికింది. రసం మోచేతి దాకా కారుతోంది.

“ఇంకో అరడజను తీసుకోండి.”

“అమెరికాలోకి పళ్ళు రానివ్వరు. అట్లాంటాలో దిగగానే లాక్కుంటారు.”

“రానివ్వకపోతే పోనీండి. విమానానికి ఇంకా గంటన్నర ఉంది కదా, మీరు ఆ టెంక ఇటివ్వండి ముందు.”